టు-లెట్ బోర్డుల నడుమ గుమ్మడికాయ

తెలుగు సినిమాకు రెండు కాయలతో పని. ముహూర్తం షాట్‌కు ముందు కొబ్బరికాయ కొడతారు. షూటింగంతా అయిపోయిన రోజున దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొడతారు. ‘గుమ్మడికాయ కొట్టేశారు’ అన్నారంటే ఫిల్మ్‌నగర్‌లో అర్థం ఒక్కటే: ఇక కెమెరా ముందు చేయాల్సిన పని మిగల్లేదు. కొబ్బరికాయ నాడు అందరూ ఉంటారు. గుమ్మడికాయ దాకా ఎన్ని వెళ్తాయన్నది వేరే లెక్క.

సరదా కొద్దీ సొంతంగా మొదలుపెట్టే పనులకూ ఇదే తంతు. శ్రీనగర్ కాలనీ నుంచి కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు సాగే వీధుల్లో అద్దెకుండే అసిస్టెంట్ డైరెక్టర్లు, ఎడిటర్లు, సౌండ్ ఇంజనీర్లు, డబ్బింగ్ ఆర్టిస్టుల దగ్గర పగటి ఉద్యోగంతో సంబంధం లేని పని ఒకటి ఉంటుంది. సగం ఎడిట్ అయిన షార్ట్ ఫిల్మ్, మూడో అధ్యాయం దగ్గర ఆగిన నవల, బాగుచేద్దామని విప్పి డబ్బాలో పెట్టిన తాతగారి రేడియో. అవి ఎందుకు ఆగాయని అడిగితే తీరిక లేదనో, డబ్బుల్లేవనో చెబుతారు. ఇంకొంచెం కదిపితే అసలు సంగతి బయటికొస్తుంది: ‘ఆ టైమ్‌లోనే ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది.’

ఈ అధ్యాయం ఆ రెండింటి గురించి. ఇల్లు వెతుక్కుంటూనే సొంత పనిని పూర్తి చేయడం ఎలా?

పదకొండు నెలల లెక్క

శ్రీనగర్ కాలనీ ఉన్నచోటే దాని సుఖమూ కష్టమూ ఉన్నాయి. ఒక పక్క అమీర్‌పేట సారథి స్టూడియో, మరో పక్క బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లో ప్రసాద్ ల్యాబ్స్, అన్నపూర్ణ స్టూడియోస్, ఇంకాస్త ముందుకెళ్తే ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ ఛాంబర్, రామానాయుడు స్టూడియో. వీటి మధ్యలో కాలనీ. రాత్రి రెండింటికి డబ్బింగ్ అయిపోయినా బండి మీద పావుగంటలో ఇల్లు చేరే వీలుంది కాబట్టే సినిమావాళ్లు ఈ చుట్టుపక్కలే ఉండాలనుకుంటారు. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో మొదలయ్యాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకూ ఈ ప్రాంతం అనువైంది. ఒక టు-లెట్ బోర్డు కింద రెండు పరిశ్రమలు నిలబడితే ఇంటివాళ్లు ఎవరిని ఎంచుకుంటారో ఊహించడం కష్టం కాదు.

దీనికి తోడు అగ్రిమెంటు. 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయడంతో దేశమంతా పదకొండు నెలల అగ్రిమెంటు అలవాటైంది. అంటే ప్రతి పదకొండు నెలలకూ అద్దె పెంచుతారా, ఖాళీ చేయమంటారా, వాళ్లబ్బాయి పెళ్లయి పైవాటాలోకి వస్తున్నాడంటారా అన్న గండం తప్పదు. రెండేళ్లు పట్టే సొంత ప్రాజెక్టు ఈ గండాన్ని రెండుసార్లైనా దాటాలి. కాబట్టి ఇల్లు మారడాన్ని అనుకోని ఉపద్రవంగా చూడటం మానేసి, ప్రాజెక్టు షెడ్యూల్లో ఒక భాగంగా చూడటం మొదలుపెట్టాలి.

సొంత ప్రాజెక్టును చిన్నచూపు చూడాల్సిన పనీ లేదు. సుజీత్ షార్ట్ ఫిల్ములు తీస్తూ తీస్తూ 2014లో ‘రన్ రాజా రన్’ దాకా వచ్చారు. తరుణ్ భాస్కర్‌దీ అదే దారి. 2016 నాటి ‘పెళ్ళిచూపులు’ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. అందరి షార్ట్ ఫిల్మూ అక్కడికి చేరదు. చేరినవన్నీ మాత్రం ఎక్కడో ఒకచోట పూర్తయినవే.

ఎవరి చేతిలో ఏముంది

ఇల్లు వెతకడం అలసట పుట్టించే పనే. అయితే సొంత పని మూలపడటానికి ఆ అలసట ఒక్కటే కారణం కాదు. ఇల్లు దొరకడమన్నది ఎదుటివాళ్ల చేతిలో ఉంది. ఓనరు ఒప్పుకోవాలి, ఉన్నవాళ్లు ఖాళీ చేయాలి, బ్రోకరు ఫోనెత్తాలి. షార్ట్ ఫిల్మ్ ముగింపు మాత్రం తీసేవాడి చేతిలోనే ఉంది. ఎదుటివాళ్ల చేతిలో ఉన్న పని, ఫోను ఎప్పుడు మోగుతుందో తెలియదు కాబట్టి, రోజంతా ధ్యాసను పట్టుకుంటుంది. సొంత చేతిలో ఉన్నది ‘ఎప్పుడైనా చెయ్యొచ్చులే’ అని వెనక్కి జరుగుతుంది. ఇల్లు వెతకడం ఏ రోజూ ఆగదు, సొంత పని ఏ రోజూ మొదలవదు.

మనస్తత్వ శాస్త్రంలో దీని మీద చాలా పని జరిగింది. పూర్తయినవాటికంటే మధ్యలో ఆపేసిన పనులే ఎక్కువ గుర్తుంటాయని బ్లూమా జీగార్నిక్ బెర్లిన్‌లో చేసిన ప్రయోగాల ఆధారంగా 1927లో ప్రకటించింది. తర్వాత చేసినవాళ్లకు ఆ ఫలితం ప్రతిసారీ రాలేదు. 2009లో సోఫీ లెరాయ్ ఇంకో కోణం చూపించింది: మనిషి ఒక పని వదిలి ఇంకో పనిలో కూర్చున్నా, వదిలిన పని మీద ధ్యాస కొంత అంటుకునే ఉంటుంది, కొత్త పని ఆ మేరకు దెబ్బతింటుంది. సాయంత్రం నాలుగిళ్లు చూసొచ్చి రాత్రి టైమ్‌లైన్ ముందు కూర్చున్న ఎడిటరుకు ఇది ఎవరూ రుజువు చేయక్కర్లేదు.

అన్నిటికంటే పనికొచ్చేది 2011లో మాసికాంపో, బౌమైస్టర్ ప్రచురించిన పరిశోధన. పూర్తికాని పనిని ఎప్పుడు, ఎలా చేయబోతున్నారో స్పష్టంగా రాసుకున్నవాళ్లను ఆ పని తాలూకు ఆలోచనలు సతాయించలేదు. అప్పటికి ఆ పని పూర్తయిందా అంటే, కాలేదు. చేసే తీరు ఖాయమైతే చాలు, మనసు దాన్ని కాసేపు వదిలిపెడుతుందన్నమాట.

ఈ అధ్యాయం సారమంతా ఇందులోనే ఉంది: ఇంటి వేటకు హద్దు గీయాలి, సొంత పనికి ముగింపు రాయాలి. రెండూ కాగితం మీదే జరగాలి.

బాలానగర్‌లో కనబడ్డది

చింతకింది మల్లేశం కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చేనేత కుటుంబం. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి: అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ నూలు పోగును చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేల సార్లు. నాలుగైదు గంటల పని. ఆ పని చేసీ చేసీ తల్లి లక్ష్మికి భుజం నొప్పి. చదువు బడిలోనే ఆగిపోయిన కొడుకు 1992లో ఆ పని చేసే యంత్రం కోసం ప్రయత్నం మొదలుపెట్టాడు.

యంత్రం పూర్తయింది 1999లో. ఆ మధ్య కాలంలో చేతిలో డబ్బులు అయిపోయాయి, ఊళ్లో ఎగతాళి ఎదురైంది, బతుకుతెరువుకు హైదరాబాద్ రావాల్సి వచ్చింది. నగరంలో పని చేసుకుంటూనే, మిగిలిన డబ్బుతో విడిభాగాలు కొంటూ, ఒక్కో కదలికనూ సాధించుకుంటూ వచ్చాడు. చివరికి ఒకే ఒక్క చిక్కు మిగిలింది. బాలానగర్‌లో ఒక యూనిట్‌కు పని మీద వెళ్లినప్పుడు అక్కడి యంత్రంలో ఒక భాగం కదిలే తీరు చూశాడు. తనకు కావాల్సింది అదే. తల్లి పేరు మీద వచ్చిన లక్ష్మీ ఆసు యంత్రం చీరకు పోయాల్సిన ఆసును గంటన్నరలో పోసేస్తుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ప్రియదర్శి నటించగా ‘మల్లేశం’ సినిమా వచ్చింది.

ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెబుతుంటారు. పట్టుదల ఉంది, సందేహం లేదు. ఇక్కడ గమనించాల్సింది మాత్రం ఇంకొకటి. బాలానగర్‌లో ఆ యంత్రం ముందు రోజూ ఎందరో నిలబడి ఉంటారు. మల్లేశానికే అది పరిష్కారంగా కనబడిందంటే, తనకు సరిగ్గా ఏ కదలిక మిగిలిందో ఆయనకు తెలుసు. ఊరు మారినా, ఉద్యోగం మారినా, ఇల్లు మారినా ఆ ‘మిగిలింది ఏమిటి’ అన్న ప్రశ్నకు జవాబు బుర్రలో చెక్కుచెదరలేదు. అలజడిలో ఉన్నవాడు పనిని కాపాడుకునే తీరు ఇది.

మొదటి పని: ముగింపు రాయడం

ఇక్కణ్నుంచి ఉదాహరణకు ఒక మనిషిని అనుకుందాం. అసిస్టెంట్ ఎడిటరు. కొత్తగా పెళ్లయింది. శ్రీనగర్ కాలనీలో సింగిల్ బెడ్‌రూం పోర్షన్. ఓనరు రెండు నెలల్లో ఖాళీ చేయమన్నాడు. చేతిలో సొంత షార్ట్ ఫిల్మ్ ఉంది. షూటింగ్ అయిపోయింది, రఫ్ కట్ ఉంది.

ఏం మిగిలిందని అడిగితే ‘ప్యాచ్ వర్క్ ఉందన్నా, తర్వాత మ్యూజిక్ చూసుకోవాలి, ఇంకా బాగా రావాలి’ అంటాడు. ఆ మూడో మాట ఉన్నన్నాళ్లూ గుమ్మడికాయకు చోటు లేదు. ముగింపంటే చూడగానే అయిందో కాలేదో తేలిపోయేలా ఉండాలి. ‘పన్నెండు నిమిషాలు మించని సినిమా, సబ్‌టైటిల్సుతో సహా ఒకే ఫైలుగా ఎక్స్‌పోర్ట్ అవ్వాలి, స్నేహితులను కూర్చోబెట్టి ఒకసారి వేసి చూపించాలి.’ ఇలా రాసుకుంటే ప్రతి కొత్త ఆలోచననూ నిలదీయొచ్చు: ఇది ఈ మూడింటిలో దేనికి పనికొస్తుంది? దేనికీ కాకపోతే ‘తర్వాతి సినిమా’ అన్న ఇంకో కాగితంలోకి పోతుంది.

గడువు వేసుకునేటప్పుడు మనిషి తనను తాను నమ్మకూడదు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్లలో పూర్తిచేస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. పట్టింది 55.5 రోజులు. అది ఇల్లు మారే గొడవ లేనివాళ్ల సంగతి. అసిస్టెంట్ ఎడిటరుకు మూడు వారాల పనిగా కనబడేది ఐదు వారాలకు పెట్టుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

పని పెద్దదైతే ముగింపులను విడగొట్టాలి. మద్రాసులో సినిమా పాటలు రాస్తూ తీరిక లేకుండా ఉన్న రోజుల్లోనే ఆరుద్ర ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ తలకెత్తుకున్నారు. వెయ్యేళ్ల సాహిత్య చరిత్ర. మొత్తం పూర్తయ్యాకే బయటపెడతానని కూర్చుని ఉంటే అది ఏ బీరువాలోనో ఉండిపోయేదేమో. 1960లలో అది యుగాల వారీగా, సంపుటాల వారీగా వచ్చింది. ఒక సంపుటం అచ్చయిందంటే అంతవరకు పని ముగిసినట్టే. మధ్యలో ఇల్లు మారినా, నిర్మాత పిలిచినా పోయేదేమీ ఉండదు. నవల రాసేవారికి అధ్యాయం, మేడ మీద తోట పెంచేవారికి ఒక మడి, రేడియో విప్పినవారికి పవర్ సప్లై భాగం అలాంటి సంపుటాలే.

రెండో పని: వేటకు హద్దు

వెతకడానికి ముందు మూడే షరతులు రాసుకోవాలి. అద్దె, మెయింటెనెన్స్ కలిపి ఇంతకు మించకూడదు. పనిస్థలానికి ఇంత దూరం దాటకూడదు. మూడోది సొంత పని కోసం: ఎడిటింగ్ అయితే తలుపు వేసుకోగలిగిన చోటు, తోట అయితే మేడ మీద హక్కు, సంగీతమైతే సౌండుకు గొడవపడని పొరుగు. నాలుగోది రాశారంటే ఇల్లు దొరకడం వెనక్కిపోతుంది. హెర్బర్ట్ సైమన్ 1956లోనే చెప్పిన సంగతి ఇది. మనుషులు అన్నిటికన్నా ఉత్తమమైనదాన్ని వెతుకుతూ కూర్చోలేరు. తమ గీత దాటిన మొదటిదాన్ని తీసుకుంటారు. ఆయనకు 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. శ్రీనగర్ కాలనీలో అద్దెకు తిరిగినవాళ్లు నోబెల్ లేకుండానే ఇదే తీర్మానానికి వస్తారు.

ఎప్పుడు ‘సరే’ అనాలి? గణితవేత్తలకు దీని మీద పాత సూత్రం ఒకటి ఉంది. మొత్తం చూడగలిగినవాటిలో మొదటి 37 శాతం ఊరికే చూసి, ధరలూ వసతులూ అర్థం చేసుకోవాలి. ఆ తర్వాత, చూసినవాటన్నిటికన్నా మెరుగైనది తగిలిన వెంటనే తీసుకోవాలి. మూడు వారాలు కేటాయిస్తే మొదటి వారం పరిశీలన, తర్వాత నిర్ణయం. ఉదయం చూసిన ఇల్లు సాయంత్రానికి ఉండని ఊళ్లో ఈ సూత్రం నయం. అసలు జీవితం సూత్రమంత కఠినం కాదు. మొదటి వారం చూసిన ఇంటికి మళ్లీ ఫోన్ చేసి ‘ఇంకా ఉందా అండీ’ అని అడగడానికి ఎవరూ అడ్డురారు.

ఫోనులో తేలిపోయేదాని కోసం బండి తీయకూడదు. అసిస్టెంట్ ఎడిటరు మొదట్లో ఇలా మాట్లాడేవాడు:

“నమస్తే అండీ, టు-లెట్ బోర్డు చూసి చేస్తున్నాను.”

“ఫ్యామిలీయా, బ్యాచిలర్సా బాబూ?”

“ఫ్యామిలీ అండీ. ఇద్దరమే.”

“ఏం చేస్తుంటారు?”

“ఎడిటింగ్ ఆంటీ. సినిమాల్లో.”

అవతల కాసేపు మాట లేదు. “మా వారు ఊర్నించి వచ్చాక అడిగి చెప్తాను బాబూ.”

ఆయన ఏ ఊరూ వెళ్లలేదని ఇద్దరికీ తెలుసు. సినిమావాళ్లకు ఇవ్వం, బ్యాచిలర్సుకు ఇవ్వం, మాంసం వండితే ఇవ్వం, ఇంటిపేరు వినగానే తిరగేసి కులం లాగే ప్రశ్న ఇంకొకటి. వీటితో వాదించి ఇల్లు సంపాదించినా, ఆ ఇంట్లో పదకొండు నెలలు ప్రశాంతంగా ఉండటం కష్టం. మేలైన పద్ధతి, కాదనే మాట తొందరగా రాబట్టడం. ‘ఇద్దరమే ఉంటామండీ, సినిమా ఎడిటింగ్ పని, అప్పుడప్పుడు రాత్రి ఆలస్యంగా వస్తాను, నాన్‌వెజ్ తింటాం’ అని మొదటి వాక్యంలోనే చెప్పేస్తే వద్దనుకున్నవాళ్లు అక్కడే వద్దంటారు. పోయేది ఒక్క నిమిషం, ఒక ఆదివారం సాయంత్రం మిగులుతుంది. ‘సరే, వచ్చి చూడండి’ అన్నవాళ్ల దగ్గరికి ఆధార్ కాపీ, పనిచేసే ఆఫీసు లెటరు, పాత ఓనరు ఫోన్ నంబరు ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్తే మాట త్వరగా తెగుతుంది.

ఫోనులోనే అడగాల్సినవి ఇంకొన్ని. మంజీరా నీళ్లు వస్తాయా, బోరు మీదే ఆధారమా? ఎండాకాలం ట్యాంకరు తెప్పిస్తే ఆ ఖర్చు ఎవరిది? కరెంటుకు విడిగా మీటరు ఉందా? అడ్వాన్సు ఎన్ని నెలలు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఎంత కోస్తారు? కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదంటోంది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అది అమలు కాదు గానీ, బేరమాడేటప్పుడు చెప్పుకోవడానికి ఒక అంకె. బ్రోకరు ద్వారా వెళ్తే కమీషన్ పదిహేను రోజుల అద్దెనా, నెలదా అన్నది ఇల్లు చూడకముందే తేల్చుకోవాలి. కళ్లతో చూడని ఇంటికి టోకెన్ అడ్వాన్సు పంపకూడదు.

బోర్డు పెట్టకముందే ఖాళీ సంగతి తెలిసేవాళ్లు ముగ్గురు: వాచ్‌మన్, మూలమీద ఇస్త్రీ బండి, కిరాణా కొట్టు. ఎవరింట్లో బట్టలు తగ్గాయో, ఎవరు ఖాతా చెల్లగొడుతున్నారో వాళ్లకు తెలుస్తుంది. ఒకసారి పలకరించి నంబరిచ్చి వస్తే వీధులన్నీ తిరిగే పని సగం తగ్గుతుంది.

నెలలను కూడా చూసుకోవాలి. బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి కుటుంబాలు ఏప్రిల్, మే నెలల్లో మారతాయి. ఖాళీలు ఎక్కువ, పోటీ కూడా ఎక్కువే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజుల్లో పాలు పొంగించడానికి చాలామంది ఇష్టపడరు. ఆ పట్టింపు లేనివారికి అద్దె తగ్గించమని అడగడానికి అదే అదను. పట్టింపు ఉన్నవారికి ఇంకో లాభం: వేట ఎలాగూ సాగని ఆ నెల మొత్తం సొంత పనికి ఇచ్చేయొచ్చు.

వీటన్నిటికీ వారంలో గంటలు కేటాయించాలి. ఫోన్లు రోజూ సాయంత్రం అరగంట. చూడటానికి వెళ్లేది శని, ఆదివారాల్లో. మిగతా వేళల్లో అద్దె యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయాలి.

మూడో పని: కాల్‌షీట్

ఆర్టిస్టు కాల్‌షీట్ ఇచ్చాడంటే ఆ వేళ ఆ సినిమాదే. సొంత పనికి కూడా అలాంటి వేళ ఒకటి ఉండాలి. అది వేటకు ముందు రావాలి, తర్వాత కాదు. నాలుగిళ్లు చూసి ముగ్గురు కాదన్నాక రాత్రి పదింటికి ఏ ఎడిటరూ బాగా కోయలేడు. ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ఫోను ఇంకో గదిలో పెట్టి కూర్చుంటే, ఓనర్లు ఆ సమయంలో ఎలాగూ ఫోన్ చేయరు.

‘వీలున్నప్పుడు చేస్తాను’ అనుకోవడానికీ, ‘పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెట్టగానే ల్యాప్‌టాప్ తెరుస్తాను’ అనుకోవడానికీ చాలా తేడా ఉంది. ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తానని ముందే జతచేసి పెట్టుకునే పద్ధతి ఎంత బలంగా పనిచేస్తుందో జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999 నాటి వ్యాసంలో వివరించాడు.

అసలు కూర్చునే వీలే లేనివారి సంగతి? ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ పోస్టల్ శాఖ ఉద్యోగి. ఊరూరా తిరగాల్సిన ఉద్యోగం. రైలు పెట్టెలో ఒళ్లో చిన్న పలక పెట్టుకుని పెన్సిలుతో రాసేవాడు. తర్వాత భార్య సాపు రాసేది. 1857లో వచ్చిన ‘బార్చెస్టర్ టవర్స్’ చాలా భాగం అలా రాసిందే. ఆయన చేసింది, పనిని ప్రయాణానికి సరిపడే ముక్కలుగా మార్చుకోవడం.

అసిస్టెంట్ ఎడిటరు కూడా మిగిలిన పనిని రెండుగా విడగొట్టుకోవచ్చు. కుర్చీ, స్పీకర్లు, నిశ్శబ్దం కావాల్సినవి ఒక పక్క: ఫైనల్ కట్, సౌండ్ మిక్స్, కలర్. ఫోను ఉంటే చాలనేవి మరో పక్క: సబ్‌టైటిల్స్ దిద్దడం, టైటిల్ కార్డుల పేర్లు సరిచూడటం, మ్యూజిక్ చేసేవాడికి నోట్స్ పంపడం, పోస్టరు మీద ఒక మాట రాయడం. యూసుఫ్‌గూడ నుంచి మెట్రోలో వెళ్లొస్తూనో, ఓనరు వస్తాడని గేటు దగ్గర నిలబడో రెండో రకం పనులు సాగుతాయి. మొదటి రకం పని ఆ గేటు దగ్గర పెట్టుకుంటే చిరాకే మిగులుతుంది.

లేచేటప్పుడు ఒక చీటీ రాయాలి. ‘సీన్ 4 దగ్గర ఆగాను. రేపు: అమ్మ తలుపు తీసే షాట్ పన్నెండు ఫ్రేములు తగ్గించాలి, తర్వాత సీన్ 5 సౌండ్.’ సోఫీ లెరాయ్, తెరెసా గ్లోంబ్‌తో కలిసి 2018లో ఇదే పరీక్షించింది. మధ్యలో లేవాల్సి వచ్చినప్పుడు ఎక్కడ ఆగామో, తిరిగొచ్చాక ఏం చేయాలో ఒక్క నిమిషం రాసుకున్నవాళ్లు తర్వాతి పని మీద ఎక్కువ ధ్యాస పెట్టగలిగారు. ఈ చీటీకి ఇంకో ఉపయోగం ఉంది. సామాను సర్దే హడావుడిలో పది రోజులు పని ఆగినా, ‘ఎక్కడున్నాం’ అని వెతుక్కోవడానికి మళ్లీ ఒక ఆదివారం తగలెయ్యక్కర్లేదు.

మారే వారం

అడ్వాన్సు ఇచ్చాక ప్రాజెక్టుకు అసలు ప్రమాదం మొదలవుతుంది. ఇల్లు దొరికిన సంతోషంలో అన్నీ ఒకేసారి అట్టపెట్టెల్లోకి వెళ్తాయి, హార్డ్ డిస్క్ వంటింటి సామానులో తేలుతుంది, కొత్త ఇంట్లో ఇంటర్నెట్ రావడానికి ఇంకొన్ని రోజులు. సొంత పని సామాను అన్నిటికంటే చివర సర్దాలి, కొత్త ఇంట్లో పాల గిన్నె దించాక అన్నిటికంటే ముందు విప్పాలి. ఆ పెట్టె లారీలో కాకుండా చేతిలో వెళ్లాలి.

ఫైళ్లకు ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి చాలు: మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల పరికరాల మీద, అందులో ఒకటి ఇంకో చోట. స్నేహితుడి గదిలో ఒక డిస్క్ ఉంచినా సరిపోతుంది. త్రివిక్రమ్ శ్రీనివాస్, సునీల్ ఒకే గదిలో రోజులు గడిపిన సంగతి పరిశ్రమలో అందరికీ తెలిసిందే. కృష్ణానగర్ చుట్టుపక్కల ఇప్పటికీ అలాంటి గదులు ఉన్నాయి. ఇల్లు మారే వారం రోజులూ ఉదయం గంటసేపు కూర్చోవడానికి అలాంటి స్నేహితుడి గదిలో ఒక మూల ముందే అడిగి పెట్టుకోవాలి.

ఆపాల్సి వస్తే

కొన్నిసార్లు రెండూ సాగవు. ఇంట్లో చంటిబిడ్డ ఉండొచ్చు, పెద్దవాళ్లకు ఒంట్లో బాగుండకపోవచ్చు, అడ్వాన్సు డబ్బుల కోసం అదనపు పని ఒప్పుకోవాల్సి రావచ్చు. అప్పుడు ప్రాజెక్టును ఆపడమే సరైన పని. కాకపోతే దానంతట అది ఆగిపోవడం వేరు, కావాలని ఆపడం వేరు. కావాలని ఆపినదానికి మళ్లీ మొదలయ్యే తేదీ ఉంటుంది, ఎక్కడ ఆగిందో చీటీ ఉంటుంది, అందులో పనిచేసిన నటులకూ మిత్రులకూ ఒక ఫోన్ కాల్ వెళ్తుంది: ‘రెండు నెలలు ఆపుతున్నాను, ఫలానా తేదీ నుంచి మళ్లీ కూర్చుంటాను.’ ఇవి లేనిదాన్ని రెండు నెలల తర్వాత తెరవాలంటే చేయి ఆడదు.

ఒక కాగితం, ఐదు గళ్లు

అసిస్టెంట్ ఎడిటరు కాగితం ఇలా ఉండొచ్చు. మొదటి గడిలో ముగింపు: పన్నెండు నిమిషాలు, ఒక ఫైలు, ఒక షో, ఫలానా తేదీ. రెండో గడిలో మిగిలిన పనులు, కుర్చీవి ఒక వరసలో, ఫోనువి ఒక వరసలో. మూడో గడిలో ఇంటికి మూడు షరతులు, కింద నాలుగోదానికి చోటు లేకుండా. నాలుగో గడిలో వారం: పొద్దున గంట సినిమాకు, సాయంత్రం అరగంట ఫోన్లకు, శని, ఆదివారాలు ఇళ్లకు, మూడో వారం చివర నిర్ణయం. ఐదో గడి ఖాళీ. ఇల్లు కుదిరి అగ్రిమెంటు మీద సంతకం పెట్టిన సాయంత్రం అందులో రెండు తేదీలు రాసుకోవాలి: పదకొండో నెల ఎప్పుడు ముగుస్తుందో ఒకటి, దానికి రెండు నెలల ముందు ఓనరుతో అద్దె సంగతి మాట్లాడాల్సిన రోజు ఇంకొకటి. తర్వాతి ప్రాజెక్టుకు ఉన్న గడువు ఆ రెండో తేదీ దాకానే.